ఫిల్మ్ నగర్‌లో నేను చెడగొట్టిన ఎన్నిక

హైదరాబాదు వెళ్ళొచ్చానంటే మా తణుకులో అందరూ అడిగేది ఒకటే, "హీరోలెవరైనా కనిపించారా?" అని. అందులోనూ ఫిల్మ్ నగర్ వెళ్ళొచ్చానంటే ఇక చెప్పక్కర్లేదు. పాలు పోసే అబ్బాయి క్యాను పక్కన పెట్టి అరుగు మీద కూర్చున్నాడు, కథ విందామని. హీరోలెవరూ కనిపించలేదని చెప్పి పాపం అతన్ని నిరాశపరిచాను. నేను చూసినవాళ్ళు హీరో వెనకాల నిలబడేవాళ్ళు. పెళ్ళి సీనులో అక్షింతలు వేస్తారు, కోర్టు సీనులో బెంచీల మీద కూర్చుంటారు, హీరో కొడితే ఎగిరి కూరగాయల బండి మీద పడతారు. అలాంటి చిన్న వేషాలవాళ్ళకి ఒక సంఘం ఉంది. ఆ సంఘానికి ఎన్నికలు జరిపించడానికి వెళ్ళాను. జరిపించానని చెప్పుకోవడానికి నోరు రావడం లేదు గాని, వెళ్ళడం మాత్రం వెళ్ళాను.

నన్నెందుకు పిలిచారంటే, నేను డిగ్రీ కాలేజీలో రాజనీతి శాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. ఏ దేశంలో ఓట్లు ఎలా లెక్కపెడతారో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. నిద్రలో లేపి అడిగినవాళ్ళు ఇంతవరకు లేరు, మెలకువగా ఉన్నప్పుడు అడిగినవాళ్ళూ తక్కువే. ఇక సొంత అనుభవం సంగతి. మునిసిపాలిటీ నుంచి పార్లమెంటు దాకా నేను ఓటేసిన మనిషి ఒక్కడు కూడా గెలవలేదు. "మీరెవరికి వేస్తున్నారో ముందే చెప్పేయండి, ఆ పేరు వదిలేసి మిగతావాళ్ళలో చూసుకుంటాను" అంటుంది మా ఆవిడ.

పిలిచింది రమణ. "మాస్టారూ, గుర్తుపట్టారా? మీ క్లాసులో వెనక బెంచీలో నిద్రపోయేవాణ్ణి" అన్నాడు ఫోనులో. వెనక బెంచీ మొత్తం నిద్రపోయేది కాబట్టి గుర్తుపట్టడం కష్టమైంది. ఇప్పుడు సినిమాల్లో హీరో స్నేహితుడి స్నేహితుడి వేషాలు వేస్తున్నాడట, సంఘంలో జాయింట్ సెక్రటరీ కూడానట. "మా సెక్రటరీని వద్దనేవాళ్ళే ఎక్కువమంది మాస్టారూ. అయినా ప్రతిసారీ ఆయనే గెలుస్తాడు. వేరే దేశాల్లో ఓటుకి బదులు నంబర్లు వేస్తారని అప్పట్లో మీరేదో చెప్పారు కదా? నిద్రలో సగం విన్నాను. ఆ మిగతా సగం వచ్చి చెప్పండి."

ఇన్నేళ్ళ పాఠాల్లో సగం ముక్క ఒక్కడి బుర్రలో మిగిలిందంటే నాకు ఎంత సంతోషమయిందో చెప్పలేను. ఆ పూటే పెట్టె సర్దుకున్నాను.

చెక్‌పోస్టు దాకా

స్టేషను బయట ఆటో అతను ఫిల్మ్ నగర్‌కి రెండు వందల యాభై అన్నాడు. నేను లోకం చూసినవాడిలా నవ్వి నూట యాభై అన్నాను. చాలాసేపు వాదించుకుని రెండు వందల నలభైకి దిగాడు. దించానన్న గర్వంతో ఎక్కి కూర్చున్నాను.

"యాక్టింగ్ చేస్తవా సార్?" అన్నాడు అద్దంలోంచి నన్ను చూస్తూ. తాత వేషాలకి పనికొస్తాననుకున్నాడేమో.

"కాదయ్యా, ఎలక్షన్ జరిపించడానికి."

"ఎలక్షనా! మస్తు మంచిది. మా బస్తీల నల్లా నీళ్ళు రాక పరేషానైతున్నం సార్. ఎలక్షన్ ముంగట వారం దినాలు మాత్రం ఫుల్లు వచ్చింది. నన్నడిగితే నెలకోసారి పెట్టాలె ఎలక్షన్."

ప్రపంచంలోని ఎన్నికల పద్ధతులన్నీ అతనికి వివరిద్దామని గొంతు సవరించుకున్నాను. అతను రేడియో పెట్టాడు.

చెక్‌పోస్టు దాటితే జూబ్లీ హిల్స్. మా ఊళ్ళో గేటు మీద ఇంటి యజమాని పేరు, ఆయన డిగ్రీలు ఉంటాయి. ఇక్కడ గేటు మీద కుక్క ఉందన్న బోర్డే ఉంటుంది, యజమాని ఎవరన్నది మనం ఊహించుకోవాలి. రోడ్లకు పేర్లు లేవు, నంబర్లున్నాయి, ఆ నంబర్లకి వరుస లేదు. ముప్పై ఆరు పక్కన నలభై అయిదు కనిపిస్తే నాకు కళ్ళు తిరిగాయి. రమణ చెప్పిన చోట దిగి, అతను వచ్చేలోపు కాఫీ తాగుదామని ఒక అద్దాల హోటల్లోకి వెళ్ళాను. కాఫీ రెండు వందల ఇరవై రూపాయలు. పైన నురగలో ఆకు బొమ్మ గీశారు. ఆ డబ్బుకి మా తణుకులో ఇంటిల్లిపాదీ టిఫిను చేసి కాఫీ కూడా తాగొచ్చు. బొమ్మ చెడిపోతుందని కాసేపు తాగకుండా చూశాను, ఈలోగా చల్లారిపోయింది.

కూరగాయల బేరం

రమణ వచ్చి నన్ను కొండ దిగువకి నడిపించుకుంటూ పోయాడు. ఫిల్మ్ నగర్‌లో స్టూడియో వ్యాన్లు, జనరేటరు లారీలు, కార్లు, వాటి మధ్యలోంచి ఆటోలు. ఒక సందు మొదట్లో ఒకావిడ కూరగాయల గంప పక్కన పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. నల్లగా నిగనిగలాడే వంకాయలు. రమణ ఇంటికి వట్టి చేతులతో వెళ్ళడమెందుకని ఆగాను.

"వంకాయలెంతమ్మా?"

"ఎనభై కిలో" అందావిడ.

"ఎనభయ్యా! మా ఊళ్ళో ఇరవైకి ఇస్తారు. ముప్పై చేసుకో."

"తోటలకెల్లి ఇప్పుడే తెచ్చిన అయ్యా. డెబ్బైకి తీస్కో."

నలభై అయిదుకి తెగింది. వంకాయ ముదురో లేతో చూద్దామని గోరుతో గిచ్చాను. గోరు దిగలేదు. ప్లాస్టిక్. వెనకాల రమణ నవ్వలేక చస్తున్నాడు.

"మాస్టారూ, ఈవిడ మణెమ్మ గారు. లోపల షూటింగు, షాట్ కోసం కూర్చున్నారు. రేపటి ఎలక్షన్లో సెక్రటరీ పోస్టుకి నిలబడుతున్నది ఈవిడే."

నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. ఎన్నికల అధికారిని వచ్చీ రాగానే అభ్యర్థితో వంకాయల బేరం ఆడాను.

"ఫికర్ చేయకుర్రి సార్" అని మణెమ్మ నవ్వింది. "ఇరవై ఏండ్ల సంది సినిమాలల్ల కూరగాయలమ్ముతున్న. ఎవ్వలు బేరం చేయలే. గంప పట్టుకొని హీరో ఎనకకెల్లి నడుసుడే. ఇయ్యాల మీ పుణ్యాన డైలాగు చెప్పిన."

షాట్ అయ్యాక ముగ్గురం బండి దగ్గర టీ తాగాం. పదిహేను రూపాయలు, బొమ్మ లేదు, వేడిగా ఉంది, ఉస్మానియా బిస్కెట్లు కూడా పెట్టించాడు రమణ. ఎందుకు నిలబడుతున్నారని మణెమ్మని అడిగాను.

"బండి కోసం సార్" అంది. "షూటింగులు ఊరవతల ఫాంహౌజులల్ల పెడ్తరు. పొద్దుగాల బండి పంపి తీస్కపోతరు, ఎందుకంటే మేం టైముకు కావాలె గదా. రాత్రి పేకప్ అయినంక హీరో బండి హీరోకు, హీరోయిన్ బండి హీరోయిన్‌కు. మాకేమో ఏం లేదు. ఆడోళ్ళం రోడ్డు మీద నిలబడి చెయ్యి ఎత్తాలె. మొన్న మా రాజేశ్వరి గట్లనే లారీ ఎక్కింది. వాడు మంచోడు కాదు. నడుస్తున్న లారీలకెల్లి దుంకింది పిల్ల. కాలిరిగింది. వెంగళరావు నగర్‌ల అక్కింట్ల పండుకొనుంది, పని లేదు, ఎవ్వలకు చెప్పుకోను లేదు."

టీ గ్లాసు బండి మీద పెట్టేశాను.

"మరి ఇప్పుడున్న సెక్రటరీ గారు?"

"దశరథరావు గారు మంచాయనే మాస్టారూ" అన్నాడు రమణ. "ఎదురుపడితే టీ ఇప్పించకుండా వదలడు. కానీ కంపెనీలకి మనుషుల్ని సప్లై చేసేది ఆయనే. వ్యాను అడిగితే కంపెనీవాళ్ళు వేరేవాళ్ళ దగ్గర మనుషుల్ని తీసుకుంటారని ఆయన భయం. అందుకని అడగడు. ఆయన మనుషులు కొందరు ఎలాగూ ఆయనకే వేస్తారు. మిగతా ఓట్లు ప్రతిసారీ మణెమ్మ గారికి సగం, మూడో అభ్యర్థి బ్రహ్మం గారికి సగం పోతాయి. మధ్యలో ఈయన గెలుస్తాడు."

నా మొహం వెలిగిపోయి ఉంటుంది. సరిగ్గా ఈ రోగానికే నా దగ్గర మందు ఉంది. ముగ్గురు అభ్యర్థులకీ ఒకటి, రెండు, మూడు అని నంబర్లు వేయించాలి. ఒకటి తక్కువ వచ్చినవాళ్ళని తీసేసి, ఆ కాగితాల మీద రెండు ఎవరికి వేశారో వాళ్ళకి కలపాలి. ఇక ఓట్లు చీలిపోవడం ఉండదు. ఇదంతా టీ బండి చెక్క మీద నీళ్ళతో గీసి మరీ చూపించాను.

మణెమ్మ అంతా విని ఒక్క మాట అడిగింది. "గీ లెక్కతోటి బండి వస్తదా సార్?"

"వచ్చి తీరుతుందమ్మా" అన్నాను. ఎవరడిగారు నన్ను అంత గట్టిగా చెప్పమని!

శ్రీనగర్ కాలనీలో బస

రమణ భార్యది వరంగల్ వైపు. రాత్రి భోజనంలో సర్వపిండి పెట్టింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, పచ్చిమిర్చి వేసి గిన్నెకే అద్ది కాలుస్తారు. మా వైపు దీనికి దగ్గరి చుట్టం తపాలచెక్క గాని, ఈ కారం వేరు. మూడు తిన్నాక చెవుల్లోంచి ఆవిరి వచ్చింది. పచ్చిపులుసుతో ఆర్పుకుంటుంటే బ్రహ్మం గారు వచ్చారు. ఆయనా ఆ కాలనీలోనే ఉంటారు.

నిండైన మనిషి, తెల్లటి జుట్టు. ఎన్ని సినిమాల్లో జడ్జీ వేషం వేశారో లెక్కలేదట. "ఆర్డర్, ఆర్డర్" అని ఆయన చేత ఒకసారి అనిపించి ఆనందించాను. ఆయన పడక్కుర్చీలో కూర్చుంటే గది మొత్తం కోర్టులా మారిపోయింది, రమణ లేచి నిలబడ్డాడు.

"ప్రతిసారీ నిలబడతారట, ఓడిపోతారట. మళ్ళీ ఎందుకండీ?" అన్నాను, ఓడిపోయేవాళ్ళకే ఓటేసే మనిషికుండే చనువుతో.

ఆయన ఏమీ దాచలేదు. "గెలవాలని కాదండీ. కౌంటింగులో నలుగురి ముందూ నా పేరు చదువుతారు కదా, అది వినాలని. సినిమాలో నా పేరు ఇరవై పేర్లతో కలిపి ఒకే కార్డులో వేస్తారు. మా మనవరాలు వేలు పెట్టి చూపించేలోపే వెళ్ళిపోతుంది."

నేను ఇంకో సర్వపిండి తిన్నాను.

తల ఊపే జనం

మర్నాడు పొద్దున సంఘం హాల్లో సర్వసభ్య సమావేశం, వెంటనే పోలింగు. హాలంటే ఒక పాత ఇంటి కింద వాటా. కిక్కిరిసి కూర్చున్నారు. నేను లేచి ఎన్నికల పద్ధతుల గురించి చెప్పాను. ఎక్కువ వచ్చినవాడే గెలిచే పద్ధతి, సగం దాటేదాకా మళ్ళీ మళ్ళీ పెట్టే పద్ధతి, పార్టీకి వచ్చిన ఓట్లను బట్టి సీట్లు పంచే పద్ధతి. ఓటుకి విలువ ఉందా లేదా అన్నది ఓటరు కంటే ఎక్కువగా లెక్కపెట్టే తీరులో ఉందన్నాను. అంత మంచి శ్రోతలు నాకు జన్మలో దొరకలేదు. సరైన చోట తల ఊపారు, సరైన చోట నిట్టూర్చారు. ముందు వరసలో ఒకావిడ కళ్ళు ఒత్తుకుంది. సీట్ల పంపిణీ గురించి విని ఒక మనిషి కన్నీళ్ళు పెట్టుకోవడం నేను అంతకు ముందు చూడలేదు. తరవాత రమణ అసలు సంగతి చెప్పాడు. సినిమాల్లో బహిరంగ సభలు తీసేటప్పుడు జనంగా కూర్చునేది వీళ్ళేనట. ఎవరు మైకు పట్టుకున్నా తల ఊపడం వాళ్ళకి అలవాటైపోయింది.

దశరథరావు గారు చాలా మర్యాదగా లేచారు. "మాస్టారూ, ఈ నంబర్ల సంగతి మాకు అర్థమయ్యే భాషలో ఒక్క ముక్క చెప్పండి."

అక్కడ నేను తెలివి ప్రదర్శించాను. "ఏముందండీ! సినిమా టైటిల్స్‌లో పేర్లు వరుసగా వేస్తారు చూడండి, అలాగే. మీ మనసులో ఎవరిది ఏ స్థానమో ఆ నంబరు వేసేయండి. ఎవరి పేరు ఎక్కడ పడాలో మీకు నేను చెప్పాలా?"

చప్పట్లు మోగిపోయాయి. నిజం చప్పట్లే అవి, అప్పటిదాకా కొట్టినవాటిలా కాదు. నా అంతటివాడు లేడనుకుని కూర్చున్నాను.

పోలింగు మొదలుపెట్టడమంటే మా ఊళ్ళోలా గంట చూసి తలుపు తీయడం కాదు. పెట్టెకి పసుపూ కుంకుమా పెట్టారు. కొబ్బరికాయ కొట్టారు. ఒకతను క్లాప్ బోర్డు పట్టుకొచ్చి మొదటి ఓటరు ముందు టప్పున కొట్టాడు. అది కొట్టకుండా ఇక్కడ ఏ పనీ మొదలుకాదట. బ్యాలెట్ పెట్టె ఏదో సినిమాకి చేయించింది, చూడ్డానికి దివ్యంగా ఉంది. మొదటి నలుగురూ ఓట్లేశాక కాగితాలు నా కాళ్ళ దగ్గర కనిపించాయి. పెట్టెకి వెనకవైపు లేదు. కెమెరాకి కనిపించే వైపే చేశారు. క్యాంటీనులోంచి స్టీలు బిందె తెప్పించి పని నడిపించాం.

తరవాత సిరా గొడవ. వేలు చాపమంటే ఎవరూ చాపరు. "కంటిన్యుటీ పోతుంది సార్. నిన్న తీసిన షాట్‌లో నా వేలికి మచ్చ లేదు, ఇవాళ ఎలా వస్తుంది?" అని పెళ్ళికూతురి తల్లి వేషం వేస్తున్న ఒకావిడ నిలదీసింది. ఆఖరికి కాలి బొటనవేలికి వేశాం. కూర్చుని, వంగి, అందరి కాళ్ళకీ సిరా పెట్టింది ఎన్నికల అధికారే. ఇన్ని కాళ్ళు పట్టుకున్న అధికారి దేశంలో ఇంకొకడు ఉండడు.

ఆఖరి కార్డు

మధ్యాహ్నం బిందె బోర్లించి లెక్కపెట్టాం. రమణ ఒక్కో కాగితం గట్టిగా చదివాడు. ఒకటి నంబరు మణెమ్మకే ఎక్కువ వచ్చింది. దశరథరావు గారికి కాస్త తక్కువ. బ్రహ్మం గారికి దాదాపు ఏమీ లేదు. కాగితం తరవాత కాగితం, బ్రహ్మం గారికి మూడు, మూడు, మూడు. ఏదో తేడాగా అనిపించింది గాని, సంతోషంలో పట్టించుకోలేదు. మణెమ్మ గెలిచిందని ప్రకటించేశాను.

మణెమ్మవైపు ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. "గెల్సిందా? నిజంగ?" అంటున్నారు. అంతలో ముందు వరసలో కళ్ళు ఒత్తుకున్నావిడ లేచింది.

"బ్రహ్మం గారికి ఓట్లు లేవంటారేంటండీ? నేను వేశాను కదా!"

"ఏ నంబరు వేశారమ్మా?"

"మూడు. ఆఖర్న. పెద్దాయన్ని ఇంకెక్కడ వేస్తాం?"

అప్పుడు నలుగురూ కలిసి నాకు పాఠం చెప్పారు. టైటిల్స్‌లో అందరికంటే గౌరవించాల్సిన పెద్ద నటుడి పేరు మొదట వేయరట. అందరి పేర్లూ అయ్యాక, ఆఖర్న, ఒంటరిగా, తెర నిండా వేస్తారట. ఆ కార్డు కోసం కొట్లాటలే జరుగుతాయట. నేను యాభై ఏళ్ళుగా సినిమాలు చూస్తున్నాను. టైటిల్స్ పడేటప్పుడు చీకట్లో సీటు వెతుక్కుంటూ ఎవరో ఒకరి కాలు తొక్కుతూ ఉంటాను. ఎవరి పేరు ముందో ఎవరి పేరు వెనకో ఏనాడు చూశాను కనక!

హాలు గోల గోల అయింది. కొందరు ఇష్టమైనవాళ్ళకి ఒకటి వేశారు. కొందరు గౌరవించేవాళ్ళకి మూడు వేశారు. ఏ కాగితం ఏ లెక్కలో వేసిందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. అయినా నేను పెట్టిన నియమం ప్రకారం మణెమ్మ గెలిచింది. నోరు మూసుకుంటే సరిపోతుంది. సిగ్గు లేకుండా ఆవిడ వైపు చూశాను, ఒప్పేసుకో తల్లీ అన్నట్టు.

"గిట్లొద్దు సార్" అంది మణెమ్మ లేచి. "రేపు నేను కంపెనీ ఆఫీసుల కూసొని ఆడోళ్ళకు బండి ఇయ్యుండ్రి అంటే, నువ్వు గెల్వనే లేదు పో, మాస్టరు తప్పు చేస్తే గెల్సినవ్ అంటరు. గప్పుడు నా మాట ఎవ్వలింటరు? మల్ల పెట్టుండ్రి. ఈసారి లెక్కలు వద్దు, ఉత్త టిక్కు పెట్టిపియ్యుండ్రి."

దశరథరావు గారు వెంటనే ఒప్పుకున్నారు. ఎందుకు ఒప్పుకున్నారో మరుక్షణంలో తెలిసింది. రెండు గంటల నుంచి పక్క స్టూడియోలో షూటింగు, సగానికి పైగా సభ్యులకి కాల్షీటు ఉంది, పోలింగేమో ఆ సాయంత్రమే ముగించాలి. "షూటింగు ఆపలేం కదండీ" అని ఆయన నిజంగానే బాధపడుతూ అన్నారు. అందరికీ టీ చెప్పి వెళ్ళారు.

బిందె పక్కన

హాలు ఖాళీ అయిపోయింది. బిందె పక్కన నేను, గోడ పక్కన మణెమ్మ. ఆవిడకీ ఆ రోజు షూటింగుంది, వదులుకుంది. కాల్షీటు లేనివాళ్ళు కొందరు వచ్చి వేసి వెళ్ళారు, అందులో దశరథరావు గారి మనుషులే ఎక్కువని రమణ మొహం చూస్తే తెలుస్తోంది. ఆ లారీలోంచి దూకిన అమ్మాయి గుర్తొచ్చింది. పొద్దున టైటిల్స్ మాట అనకుండా ఉంటే ఈపాటికి అయిపోయేది. తణుకులో హాయిగా పేపరు చదువుకునేవాణ్ణి, ఊరు కాని ఊరు వచ్చి నలుగురి నోటి దగ్గర కూడు చెడగొట్టానేమో అనిపించింది.

"క్షమించమ్మా" అన్నాను.

"తినుండ్రి సార్" అని డబ్బా విప్పి జొన్నరొట్టె, పచ్చి టమాట తొక్కు నా ముందు పెట్టింది. నేను తినలేదు. ఆవిడా తినలేదు, గేటు వైపే చూస్తూ కూర్చుంది.

సాయంత్రం రోడ్డు మీద హారన్లు. ఏమిటా అని బయటికి వెళ్ళి నోరు తెరిచాను. స్టూడియో గేటులోంచి కానిస్టేబుళ్ళు వస్తున్నారు. వాళ్ళ వెనక నర్సులు. వాళ్ళ వెనక పట్టుచీరలు, నగలతో పెళ్ళివారు. కిరీటం చంకలో పెట్టుకుని ఒక యమభటుడు. షూటింగు జరుగుతోందనుకుని ఆటోలు ఆగిపోయాయి. ట్రాఫిక్ కానిస్టేబులు ఉత్తుత్తి ఇన్‌స్పెక్టరుకి సెల్యూట్ కొట్టి దారిచ్చాడు. వెనకాల ఒక అసిస్టెంట్ డైరెక్టరు చేతులూపుకుంటూ పరిగెత్తుకొస్తున్నాడు, "టీ బ్రేక్ అయిపోతుందండీ, బాబ్బాబు, త్వరగా కానివ్వండి!"

టీ మానేసి వచ్చారు. ఈసారి రెండో కాలికి సిరా. పోలీసుల బూట్లు విప్పించలేక నా నడుము విరిగింది. ఒక నర్సు మేజోడు తీస్తూ నాతో అంది, "ప్రతిసారీ మణెమ్మక్క ఎలాగూ గెలవదులే అని బ్రహ్మం గారికి వేసి దండం పెట్టేదాన్నండీ. మధ్యాహ్నం మీరు చదివించారు చూశారా, అక్కకి అన్ని ఒకట్లు? నేనొక్కదాన్నే అనుకున్నా ఇన్నాళ్ళూ. ఇంతమందిమి ఉన్నామా అనిపించింది."

ఆవిడ బొటనవేలికి రెండుసార్లు సిరా పెట్టాను. నా పద్ధతి చేయలేని పని నా పొరపాటు చేసింది. దీనికి మా శాస్త్రంలో ఏదో పేరు ఉండే ఉంటుంది, ఆ క్షణాన గుర్తు రాలేదు.

అందరి తరవాత బ్రహ్మం గారు జడ్జీ కోటులో వచ్చారు. ఓటేసి, నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "ఆ పొద్దుటి కాగితాలు పారేశారాండీ?" అన్నారు. లేదన్నాను. "ఒక్కసారి చదువుతారా, నన్ను ఆఖర్న వేసినవి?" చదివాను. వేషాలతో ఉన్నవాళ్ళంతా నిలబడి విన్నారు. ఆయన కళ్ళు మూసుకుని చివరి దాకా విని, "చాలండీ. ఇప్పుడు నాకు ఎన్ని ఓట్లొచ్చినా ఫర్వాలేదు" అన్నారు. ఎన్నొచ్చాయో ఆయన అడగనూ లేదు.

మణెమ్మ గెలిచింది. మిగతా ఇద్దరివీ కలిపినా ఆవిడ ఓట్లే ఎక్కువ. పాత పద్ధతిలో, ఉత్త టిక్కులతో. దశరథరావు గారు వచ్చి ఆవిడతో చెయ్యి కలిపి, మళ్ళీ అందరికీ టీ చెప్పారు.

తణుకు

ఇదంతా రాయాలా వద్దా అని కొన్ని వారాలు ఊగిసలాడాను. మొన్న రాత్రి భోజనం చేస్తుంటే ఫోను మోగింది. మణెమ్మ. వెనకాల ఒకటే గోల, ఇంజను చప్పుడు, ఆడవాళ్ళ నవ్వులు.

"సార్, బండిల ఉన్నం. ఇండ్లకు పోతున్నం."

రెండు కంపెనీలు ఒప్పుకున్నాయట. మూడోది ఒప్పుకోకపోతే ఆడవాళ్ళెవరూ వెళ్ళలేదట, ఆ మర్నాడు అదీ ఒప్పుకుందట. రాజేశ్వరి కర్ర పట్టుకుని నడుస్తోందట, పనికొస్తానంటోందట.

"ఎవరండీ అన్నం మధ్యలో?" అంది మా ఆవిడ.

"నేను కొంచెంలో ఓడించబోయిన సెక్రటరీ" అన్నాను. మా ఆవిడ నా మొహం చూసి మజ్జిగ పోసింది.

"సంతోషంగా ఉందమ్మా" అన్నాను ఫోనులో.

"సంతోషమేంది సార్! ముందు సీటు నాకు, కిటికీ నాకు అని నా పానం తింటున్నరు. జర లేటైతే చాలు, వచ్చే ఎలక్షన్ల నిన్ను పీకేస్తం అంటున్నరు."

"పీకేస్తం!" అని వెనకాల నుంచి అందరూ ఒక్కసారి అరిచారు. బండి ఆగిన చప్పుడు, తలుపు తీసిన చప్పుడు వినిపించింది. ఎవరో దిగి, "ఇల్లొచ్చింది, నేను పోయొస్త అక్కా" అన్నారు.